ఈ వయసులో సింథసైజరు, అదీ పుస్తకాలు చదివి!

"సంగీతం పుస్తకం చదివితే వస్తుందా?" అని ఈమధ్య నన్ను కనీసం పదిమంది అడిగి ఉంటారు. రాదు. అందులో నాకేమీ అనుమానం లేదు. సరళీ స్వరాలైనా సరే, ఎదురుగా గురువు కూర్చుని తొడ మీద తాళం వేస్తూ దిద్దితేనే వస్తాయి. కానీ నేను నేర్చుకుంటున్నది పాడటం కాదు, వాయించడమూ కాదు. శబ్దం తయారుచెయ్యడం. సింథసైజరులో ఏ నాబ్ ఎంత తిప్పితే వేణువులాంటి శబ్దం వస్తుంది, అలాగే ఎందుకు వస్తుంది, ఇదీ నా చదువు. దీనికి మాత్రం పుస్తకాన్ని మించిన గురువు లేదని నా అభిప్రాయం. ముఖ్యంగా మనలాంటి ఇల్లాళ్ళకి.

ముందు అసలు సంగతి చెప్పాలి కదా. మా అబ్బాయి ఇంజనీరింగుకి హాస్టల్‌కి వెళ్ళిపోతూ ఒక చిన్న కీబోర్డూ, ఒక పాత లాప్‌టాపూ ఇంట్లో వదిలేశాడు. ఆ లాప్‌టాప్‌లో సర్జ్ అని ఒక సింథసైజరు ఉంది. డబ్బు కట్టక్కర్లేదు, ఎవరైనా దింపుకోవచ్చు. దుమ్ము తుడవబోయి తెరిచాను. తెర నిండా నాబ్‌లూ, గీతలూ. బి.ఏ. తెలుగు చదివినదాన్ని, నాకు చంపకమాలలో గణాలు చెప్పమంటే చెప్తాను గానీ ఇదంతా ఏమిటి అనిపించింది. ఏమిటో తెలుసుకుందామనీ అనిపించింది.

పిల్లలకి కొనే మామూలు కీబోర్డుకీ దీనికీ తేడా ఉంది. మామూలు కీబోర్డులో "ఫ్లూట్" అని నొక్కితే ఫ్లూట్ వస్తుంది. బజార్లో పొట్లం కట్టి అమ్మే సాంబారు పొడి లాంటిదన్నమాట. సింథసైజరులో మిరపకాయలు, ధనియాలు, మెంతులు విడివిడిగా ముందు పెట్టి, దంచుకో తల్లీ అంటారు.

మొదట్లో వీడియోలే చూశాను. ఎవరో కుర్రాడు, "ఈ నాబ్ ఇక్కడ పెట్టండి, ఆ నాబ్ అక్కడ పెట్టండి, అదిరిపోయింది కదా!" అంటాడు. నిజంగానే అదిరిపోతుంది. మర్నాడు మళ్ళీ తెరిస్తే ఏ నాబ్ ఎందుకు తిప్పామో ఒక్కటీ గుర్తుండదు. పైగా వీడియో మన కోసం ఆగదు. ఆపొచ్చు కదా అంటారు. కుక్కరు మూడో కూత వేసినప్పుడు, గ్యాసు అబ్బాయి బెల్లు కొట్టినప్పుడు, వెన్నెల్లాంటి పాలు పొయ్యి మీద పైకి లేస్తున్నప్పుడు ఆపి, మళ్ళీ వచ్చి, ఎక్కడ ఉన్నామో వెతుక్కుని, వెనక్కి జరిపి... ఈలోపు ఇంకో వీడియో మొదలైపోతుంది. పుస్తకం అలా కాదు. చెంచా పెట్టి మూసేసి వెళ్తే, గంట తర్వాత కూడా ఆ వాక్యం అక్కడే ఉంటుంది. మన రోజు ముక్కలు ముక్కలుగా ఉంటుంది. ముక్కల్లో చదువుకోవడానికి పుస్తకమే కుదురుతుంది.

నేను మొదట చదివినది నిజానికి పుస్తకం కూడా కాదు. ఇంగ్లండులో సౌండ్ ఆన్ సౌండ్ అనే పత్రిక వస్తుంది. అందులో గోర్డన్ రీడ్ అనే ఆయన 1999 నుంచి 2004 దాకా "సింథ్ సీక్రెట్స్" అని 63 భాగాలు రాశాడు. మా అబ్బాయి వాటిని ప్రింటు తీయించి స్పైరల్ బైండింగ్ చేయించి పంపాడు. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. పక్కన నిఘంటువు పెట్టుకుని రోజుకి రెండు పేజీలు. మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండింటి నుంచి మూడున్నర దాకా నాది.

చదువుతుంటే ఒక విచిత్రం జరిగింది. ఇంగ్లీషు మాట దగ్గర ఆగిపోయినప్పుడల్లా పదో తరగతి తెలుగు మీడియం భౌతికశాస్త్రం అడ్డుపడి ఆదుకుంది. ఫ్రీక్వెన్సీ అంటే పౌనఃపున్యం. యాంప్లిట్యూడ్ అంటే కంపన పరిమితి. రెజొనెన్స్ అంటే అనునాదం. ముప్పై ఏళ్ళ కిందట ఎందుకు బట్టీ పట్టామో తెలియని మాటలు! ఇప్పుడు నా నోటుబుక్కు నిండా అవే. లేనివాటికి నేనే పెట్టుకున్నాను. ఒక స్వరం మోగినప్పుడు దానితో పాటు రెట్టింపు, మూడు రెట్లు, నాలుగు రెట్ల వేగంతో సన్నగా మోగే స్వరాలుంటాయి. వాటికి నా పుస్తకంలో పేరు "పిల్ల స్వరాలు". తల్లి స్వరం ఒకటే అయినా, ఏ పిల్ల ఎంత గట్టిగా అరుస్తోంది అనేదాన్ని బట్టే వీణో, నాదస్వరమో మనకి తెలుస్తుంది. రంపపు పళ్ళ ఆకారంలో ఉండే తరంగంలో పిల్లలందరూ ఉంటారు. చతురస్రంగా ఉండే తరంగంలో బేసి సంఖ్య పిల్లలే ఉంటారు, అందుకే అది కొంచెం బోలుగా, ముక్కుతో పలికినట్టు ఉంటుంది. సింథసైజరులో ముందు ఇలాంటి నిండు తరంగం ఒకటి తీసుకుని, తర్వాత ఫిల్టరు పెట్టి పైనున్న పిల్లల్ని అవసరమైన మేరకు తగ్గిస్తారు.

ఈ ఫిల్టరు దగ్గర నాకు బి.ఏ. గుర్తొచ్చింది. వర్ణోత్పత్తి పాఠం. కంఠ్యాలు, తాలవ్యాలు, మూర్ధన్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు. గొంతులో పుట్టే నాదం ఒకటే. నోరు తెరిస్తే "అ", నాలుక ముందుకి లేస్తే "ఇ", పెదాలు గుండ్రంగా పెడితే "ఉ". కావాలంటే ఇప్పుడే ఒకే శ్రుతిలో ఆ, ఈ, ఊ అని చూడండి. శ్రుతి మారలేదు, గొంతు మారలేదు. మారింది నోటి ఆకారం. ఆ నోరే ఫిల్టరు! ఇది తెలిశాక ఆ నాబ్ అంటే నాకు భయం పోయింది. రోజూ పొద్దున్న లేచి నేను తిప్పుతున్నదే కదా.

నాబ్‌ల కుర్రాడు ఇది చెప్పడు. చెప్పే తీరిక అతనికి లేదు. అందుకే నేనేమంటానంటే, వీడియో శబ్దాన్ని చేతికిస్తుంది, పుస్తకం చెవి తెరిపిస్తుంది. వంట విషయంలో మనకిది కొత్తా చెప్పండి? మాలతీ చందూర్ గారి "వంటలు-పిండివంటలు" ఎన్ని ఇళ్ళలో చిరిగిపోయేదాకా వాడారు! ఏ వంటల పుస్తకంలోనైనా "ఉప్పు: తగినంత" అని ఉంటుంది. ఆ తగినంత ఎంతో తెలిసినవాళ్ళకే పుస్తకం ఉపయోగపడుతుంది. సింథసైజరు మీద కూడా అచ్చంగా వంటల పుస్తకం అనే పేరుతోనే ఒకటుంది. ఫ్రెడ్ వెల్ష్ అనే ఆయన రాసిన "సింథసైజర్ కుక్‌బుక్". పేరు చూసి నాకెంత సంతోషమేసిందో! దాంట్లో ఏ వాద్యానికి ఏ నాబ్ ఎంత అని పట్టికలుంటాయి. వెల్ష్ గారి కొలతలు అలాగే నా దగ్గర పెడితే శబ్దం వేరేగా వస్తుంది, ఎందుకంటే ఏ సింథసైజరు ఫిల్టరు దానిదే. మా పొయ్యి మంట మీ పొయ్యి మంట ఒకటి కానట్టు. మూడు నాలుగు నెలలు సిద్ధాంతం చదివాక ఆ పట్టికలు తెరవండి, అప్పుడు "తగినంత" తెలుస్తుంది.

శబ్దం ఎలా మొదలవుతుంది, ఎలా నిలుస్తుంది, ఎలా పోతుంది అనేదాని గురించి కూడా ఒక్కమాట చెప్పాలి. వీణ మీటగానే శబ్దం ఒక్కసారిగా లేచి మెల్లగా తగ్గిపోతుంది. నాదస్వరం ఊదినంతసేపూ నిలుస్తుంది. హార్మోనియం వేలు తియ్యగానే ఆగిపోతుంది. 1948లో ఫ్రాన్సులో పియర్ షేఫర్ అనే రేడియో ఇంజనీరు గంట శబ్దం రికార్డు చేసి, కొట్టిన ఆ మొదటి క్షణాన్ని మాత్రం తీసేసి వినిపించాడు. ఎవరికీ గంటలా వినపడలేదు, ఊదే వాద్యంలా వినపడింది. ఇది చదివిన రోజు నుంచీ టీవీ సీరియల్లో అత్తగారి మొహం మూడు వైపుల నుంచి చూపిస్తూ వేసే ఆ "ధఢేల్" నాకు వేరేగా వినిపిస్తోంది. ఠపీమని లేచే మొదలు, వెనకాల జల్లెడ పట్టిన హోరు, పెద్ద హాలులో మోగినట్టు ప్రతిధ్వని. కథ మాత్రం ఇప్పటికీ నాకు అర్థం కాదు.

పుస్తకం చదివి శబ్దం నేర్చుకోవడం నాతో మొదలైన పిచ్చేమీ కాదు. సి.వి. రామన్ గారు తన మీద ప్రభావం చూపిన పుస్తకాలు మూడని చెప్పారు. అందులో ఒకటి హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1863లో ప్రచురించిన స్వరాల శాస్త్రం. శ్రుతిదండాలు కలిపి మోగించి అచ్చుల్ని ఎలా పలికించవచ్చో అందులో రాశాడు. రామన్ గారు మన విశాఖపట్నంలో చదువుకున్నవారే, వారి నాన్నగారు అక్కడ ఏ.వి.ఎన్. కాలేజీలో పాఠాలు చెప్పేవారు. ఆయనే 1920లో, శివకాళీ కుమార్ అనే మరొకరితో కలిసి, మృదంగం మామూలు డప్పులా కాకుండా శ్రుతిగా ఎందుకు మోగుతుందో రాశారు. కుడివైపు మూత మీద నల్లగా మెత్తే ముద్ద ఉంటుంది కదా, ఆ బరువు వల్ల దాని పిల్ల స్వరాలు సరైన రెట్లలోకి వచ్చి కూర్చుంటాయి. పేరు తెలియని ఏ కళాకారుడో తన చెవితో సరిచూసుకుని మెత్తిన ముద్ద అది!

ఇంకొకాయన జాన్ చౌనింగ్. అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌లో సంగీతం విద్యార్థి, ఇంజనీరు కాడు. కంప్యూటరుతో సంగీతం చెయ్యొచ్చని మాక్స్ మాథ్యూస్ రాసిన వ్యాసం 1964లో ఆయన కంటపడింది. వ్యాసం చదివి మాథ్యూస్‌ని వెతుక్కుంటూ వెళ్ళాడు. 1967లో ఒక స్వరానికి కంపితం పెట్టి, ఆ ఊపుని పెంచుకుంటూ పోయాడు. ఫ్యాను మెల్లగా తిరిగినప్పుడు రెక్కలు కనిపిస్తాయి, వేగం పెంచితే రెక్కలు మాయమై చక్రం కనిపిస్తుంది. అలాగే కంపితం ఒక హద్దు దాటాక ఊపు వినపడటం మానేసి కొత్త నాదం వినపడింది. అమెరికన్ ఆర్గాన్ కంపెనీలు దాన్ని వద్దన్నాయి. జపాన్ యమహా తీసుకుంది. దాన్నుంచే 1983లో డి.ఎక్స్.7 అనే సింథసైజరు వచ్చి ప్రపంచమంతా పాకిపోయింది. అది ప్రోగ్రాం చెయ్యడం కష్టమని చాలామంది కంపెనీ పెట్టిచ్చిన శబ్దాలతోనే సరిపెట్టుకున్నారు. సాంబారు పొడి పొట్లాలు అక్కడా ఉన్నాయి!

ఇదంతా సరే, ఉపయోగం ఏమిటి? ఈ ప్రశ్న దగ్గరికి రాకుండా ఎవరూ నన్ను వదల్లేదు. "యూట్యూబ్ ఛానెల్ పెడతావా?" "సినిమాల్లో అవకాశాలొస్తాయా?" మా పక్కింటావిడ మంచిమనిషే, "అంత ఓపికుంటే చిరుధాన్యాల లడ్డూలు చేసి అమ్మకూడదూ" అంది. మావారు ఏమీ అనలేదు, కానీ బంధువులొచ్చినప్పుడు "ఏదో కాలక్షేపం" అని ఆయనే ముందుగా నా తరఫున చెప్పేస్తారు. నాకు ఆ మాటే ఎక్కువ గుచ్చుకుంటుంది. మగవాళ్ళు అయిదు రోజుల క్రికెట్టు చూస్తే ఎవరూ ఉపయోగం అడగరు. ఆడది నలభై దాటాక ఏదైనా నేర్చుకుంటే అది డబ్బులు తేవాలి, లేకపోతే ఇంటికి పనికిరావాలి, రెండూ కాకపోతే కాలక్షేపం. చదువు అనే మాట మనకి పెళ్ళితోనే చెల్లిపోతుందా?

ఇక్కడ మా అత్తయ్యగారి సంగతి చెప్పాలి. చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఎందుకో కింద చెప్తాను.

ఆవిడకి డెబ్భై ఎనిమిదేళ్ళు. రెండేళ్ళుగా ఇంట్లో ఆవిడతో గట్టిగా మాట్లాడటం అందరికీ అలవాటైపోయింది. గట్టిగా చెప్పినా ఒకటంటే ఒకటి వింటారు. మళ్ళీ పక్కగదిలో ఎవరో తలుపు మూసినా, లారీ వెళ్ళినా వినిపిస్తుంది. దాంతో చుట్టాల్లో ఒక మాట పుట్టింది, "ఆవిడకి కావలసినవి వినపడతాయిలే" అని. ఆవిడ "అరవకర్రా, వినపడుతోంది, మాట తెలియట్లేదు" అనేవారు. ఆ వాక్యాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మతిమరుపు మొదలైందేమో అన్నవాళ్ళూ ఉన్నారు. ఒకరోజు వరండాలో ఆడపడుచు, "అమ్మా, కాలు జాగ్రత్త" అని అరిస్తే, ఆవిడ మెట్టు చూసుకోకుండా గిరుక్కున వంటింటి వైపు తిరిగి "పాలా? పొంగాయా?" అన్నారు. నేను పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది.

ఆ వారం నేను ఫిల్టరు పాఠంలో ఉన్నాను. సింథసైజరులో హోరు శబ్దం పెట్టి, ఫిల్టరుని పైనుంచి కిందకి దించితే ముందు "స్‌స్‌స్" లా ఉన్నది "శ్‌శ్‌శ్" అవుతుంది, ఇంకా దించితే "హ్" అయి ఆగిపోతుంది. ఊష్మాలన్నీ వరసగా! కాలు, పాలు అన్న మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. నా గొంతు రికార్డు చేసి అదే ఫిల్టరు గుండా పంపాను. వెయ్యి హెర్ట్జ్ దగ్గర పెడితే నా గొంతే, నా యాసే, కానీ గోడ అవతల ఎవరో మాట్లాడుతున్నట్టుంది. అచ్చుల ఊపు ఉంది, హల్లులు లేవు. క, త, ప తేడా తెలియడం లేదు. "స" అయితే మరీ, దాని బలమంతా 4000 హెర్ట్జ్ పైనే ఉంటుంది. శబ్దం పెంచి చూశాను. పెంచితే అచ్చులే ఇంకా గట్టిగా మోగాయి, పోయిన హల్లులు పోయినట్టే ఉన్నాయి. వయసుతో వచ్చే చెవుడు సన్నటి శబ్దాలతోనే మొదలవుతుందని తర్వాత చదివాను. లారీ మోత కిందనుంటుంది, అందుకే అది వినిపిస్తుంది.

మావారిని కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టి వినిపించాను. "ఇందులో నేనేమంటున్నానో చెప్పండి" అన్నాను. రెండుసార్లు విన్నారు. మూడోసారి పెట్టమనలేదు. ఆ శనివారమే చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. పరీక్ష చేసి ఇచ్చిన కాగితం మీద గీత ఎడమవైపు బాగానే ఉండి కుడివైపు జారుడుబల్లలా కిందకి దిగిపోయింది. నా సర్జ్ తెర మీద ఫిల్టరు బొమ్మలాగే ఉంది, నేను ఆశ్చర్యపోలేదు. చెవి మిషను పెట్టారు. అది కూడా జారిపోయిన చోట మాత్రం ఎత్తిపెట్టే ఫిల్టరే. ఇప్పుడు ఇంట్లో ఎవరూ అరవరు. ఎదురుగా వచ్చి, మొహం కనిపించేలా నిలబడి, మెల్లగా చెప్తారు. పెదవులు చూస్తే క, ప తేడా కంటికి తెలిసిపోతుంది కదా. మీ ఇంట్లో పెద్దవాళ్ళు "వినపడుతోంది, తెలియట్లేదు" అంటే దయచేసి ఆ మాట నమ్మండి, పరీక్ష చేయించండి.

దీన్ని చెప్పడానికి ఎందుకు వెనకాడానంటే, ఇది చెప్పగానే అందరి మొహాలూ వెలిగిపోతాయి. "చూశావా, ఎంత ఉపయోగపడిందో!" అంటారు. ఆడపడుచు కూడా అంది, మనస్ఫూర్తిగానే అంది. మావారు కూడా ఇప్పుడు చుట్టాలకి "కాలక్షేపం" అనడం మానేసి ఈ కథ చెప్తున్నారు. నాకు సంతోషమే, కానీ ఒప్పుకోలేకపోతున్నాను. అత్తయ్యగారి చెవి బాగానే ఉండి ఉంటే? నేను ఆ 63 భాగాలూ అప్పుడూ చదివేదాన్ని. చదవడానికి నాకు ఆ హక్కు అప్పుడూ ఉంది. రామన్ గారు పుస్తకం తెరిచినప్పుడు మృదంగం మీద ఏదో రాయడానికని తెరవలేదు. అర్థమైనప్పుడు కలిగే ఆ సంతోషం కోసమే నేను మధ్యాహ్నం నిద్ర మానుకుని కూర్చుంటున్నాను. మీరూ ఏదో ఒకటి చదవండి, సింథసైజరే కానక్కర్లేదు. ఇంట్లో ఉపయోగం అడిగితే చెప్పడానికి ఏమీ లేకపోయినా చదవండి.

ప్రస్తుతం నేను చౌనింగ్ పద్ధతి దగ్గర ఉన్నాను. డాడ్జ్, జెర్స్ అనే ఇద్దరు రాసిన "కంప్యూటర్ మ్యూజిక్" అనే లావుపాటి పుస్తకం, మా అబ్బాయి కాలేజీ లైబ్రరీ నుంచి తెచ్చాడు. లెక్కలు ఎక్కువ, కొన్ని పేజీలకి వారం పడుతోంది. అందులో గంట శబ్దానికి చౌనింగ్ వాడిన అంకెలున్నాయి. ఒక స్వరం 200, దాన్ని ఊపే స్వరం 280, మొత్తం 15 సెకన్లు. రెండింటికీ సరైన రెట్టింపు సంబంధం లేకపోవడం వల్లే గంటకి ఆ లోహపు పలుకు వస్తుంది. సన్నటి పిల్ల స్వరాలు ముందు పోయి, లావువి చివరిదాకా మిగులుతాయి.

డి.ఎక్స్.7కి నకలుగా ఉచితంగా దొరికే డెక్స్‌డ్ అనే దాంట్లో కష్టపడి కట్టాను. పక్కగదిలోంచి అత్తయ్యగారు "హారతి అయిపోయిందా?" అంటూ లేచి వచ్చారు. సాయంత్రమయ్యేసరికి చెవి మిషను తీసేస్తారు ఆవిడ, చెమట పడుతుందని. మా పూజ గంట చిన్నది, సన్నగా మోగుతుంది, మిషను లేకపోతే ఆవిడకి వినపడదు. ఇది వినపడింది. ఇప్పుడు రోజూ దీపం పెట్టే వేళకి "ఆ గంట కొట్టమ్మా" అంటారు. లాప్‌టాప్ దేవుడి గదిలోకి తేవడం మావారికి ఇష్టం లేదు, అందుకని గుమ్మం బయట స్టూలు మీద పెడుతున్నాను. అంకెలు 190, 266కి మార్చాను. ఆవిడకి అలా అయితేనే బాగుందట.